హవాయి గజఈతగాడు డ్యూక్ కహానమోకు

డ్యూక్ అనుమాట వినినంతనే అది యేదో బిరుదమని మన బాలురు తలంతురు. చరిత్ర పాఠములలో వెల్లింగ్టన్ డ్యూక్ మున్నగువారి పేర్లు చదివినవారికి అట్లు తోచుట సహజమే. కాని మనము చెప్పుకొనబోవు డ్యూక్ కహానమోకునకు అది తండ్రి పెట్టిన పేరు మాత్రమే. 1869 లో విక్టోరియా రాణి కుమారుడును ఎడింబరో డ్యూకును అగు ఆల్ఫ్రెడ్ హవాయి దీవులను చూడవచ్చెను. ఆ దినములలోనే హోనలూలు పట్టణమున ఒక మగశిశువు జన్మింపగా, హవాయి రాజవంశపు స్త్రీయగు బెర్నీస్ పౌవాహి బిషప్ ఆ యతిథి జ్ఞాపకార్థము శిశువునకు డ్యూక్ అని పేరిడెను. ఆ శిశువు పెరిగి పెద్దవాడై, పోలీసు శాఖలో ఉద్యోగియై, తన పెద్దకుమారునకును ఆ పేరే పెట్టెను. ఆ పెద్దకుమారుడే మన కథానాయకుడు. అతడు 1890 వ సంవత్సరము ఆగష్టు 24 వ తేదీన హోనలూలులో జన్మించెను. దూరదేశములవారు అనేకులు అతనిని రాజకుమారుడని భ్రమించిరి. నిజమునకు అతని యింట ఆరుగురు కుమాళ్లు, ముగ్గురు కుమార్తెలు, ఒక చిన్న జీతము, ఇంతే.

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రము నడుమ, కాలిఫోర్నియా తీరమునకు ఇంచుమించు 2,400 మైళ్ల దూరమున నున్నవి. డ్యూక్ పుట్టునాటికి అది స్వతంత్ర రాజ్యము. అతని మూడవయేట, 1893 జనవరిలో, అచ్చటి విదేశీయ ధనికులు కొందరు ఏకమై, అమెరికా నావికుల అండతో లిలియువోకలాని రాణిని సింహాసనమునుండి దింపిరి. అతని యెనిమిదవయేట, 1898 లో, ఆ దీవులు అమెరికా సంయుక్త రాష్ట్రములకు స్వాధీనమయ్యెను. అప్పటికే విదేశపు ఓడలతో వచ్చిన వ్యాధులవలన హవాయి జాతి మిక్కిలి క్షీణించి, 1896 నాటి జనసంఖ్యలో మిశ్రమజాతివారితో కూడ 40,000 కు లోపుగా నుండెను. వారి ప్రాచీన క్రీడలును వారితోపాటు క్షీణించెను. పొడవైన కొయ్యపలకపై నిలిచి, ఒడ్డునకు పరుగెత్తు అలలపై స్వారిచేయుట వారి రాజులకును ప్రజలకును సమానముగా ప్రియమైన విద్య. మన తీరమున పల్లెకారులు తెప్పపై అలలు దాటుట చూచినవారు దీనిని కొంత ఊహింపగలరు. 1820 నుండి ఆ దీవులకు వచ్చిన మిషనరీలలో పలువురు ఈ వినోదమును మెచ్చలేదు. ఈ సంగతిని మనము దాచవలసిన పనిలేదు. అయినను నిందకంటె మరణమే ఆ క్రీడకు ఎక్కువ హానిచేసెను. ఆడుటకు మనుష్యులే కరవైరి.

డ్యూక్ పెరిగినది హోనలూలునకు చేరువనున్న వైకీకీ తీరమున, తల్లివారి స్థలములో. తల్లి జూలియా మిగుల దైవభక్తి గలది. చిన్ననాడే తండ్రియు పినతండ్రియు ఇతనిని పడవమీదికి తీసికొనిపోయి, అలలలోనికి విసరివైచి, ఈదుమనిరని చెప్పుదురు. ఆ దినమునుండి అతనికి నేలకంటె నీరే ఎక్కువ పరిచితమాయెను. బడి చదువు మాత్రము సాగలేదు. మూడు పాఠశాలలలో చేరెనుగాని, ఇంటి ఖర్చులకు తోడ్పడవలసి వచ్చుటచే ఉన్నత విద్య ముగింపకయే మానుకొనెను. ఉపాధ్యాయుడనైన నేను దీనిని మెచ్చుకోలుగా చెప్పుటలేదు. ఈ కొరత అతనిని జీవితమంతయు వెంబడించినదని ముందు చూతుము.

అతని ఈత యెట్టిదో కొంత వివరింపవలెను. ఆ కాలపు పందెగాండ్రు పలువురు చేతులతో బారలు వేయుచు, కాళ్లను కత్తెరవలె విప్పి మూయుచు ఈదెడివారు. డ్యూక్ కాళ్లను ఇంచుమించు చాపియే యుంచి, మోకాళ్లకంటె తొడలబలముతో, చేప తోకవలె పైకి క్రిందికి వడివడిగా ఆడించెడివాడు. రెండు చేతులు ఒకసారి తిరిగి వచ్చులోపల కాళ్లు ఆరుమార్లు ఆడును. అందువలన రొమ్ము నీటిపైకి తేలి, ఓడ ముందుభాగమువలె నీటిని చీల్చుకొని పోవును. అతని పాదములు అసాధారణముగా పెద్దవి, అదియు సాయపడెను. ఈ పద్ధతి తాను కనిపెట్టినదని అతడు గొప్ప చెప్పుకొనలేదు. అది దీవులవారు పూర్వమునుండి ఎరిగినదే. అయినను లోకము దానికి కహానమోకు తన్ను అని పేరు పెట్టెను. పలకస్వారికి అతడు కోవా అను గట్టి కొయ్యతో తానే పలకలు చెక్కుకొనెడివాడు. తరువాతి కాలమున చేసికొన్న ఒక పలక 16 అడుగుల పొడవు, 114 పౌనుల బరువు గలది. సామాన్యుడు దానిని ఇసుకమీదనే ఈడ్వజాలడు.

1911 లో డ్యూకును అతని మిత్రులును హుయీ నాలు అను సంఘమును క్రమముగా స్థాపించిరి. అలల సంఘమని దాని యర్థము. ఆ యేడు ఆగష్టు 11 వ తేదీన హోనలూలు రేవులో అమెరికా ఔత్సాహిక క్రీడాసంఘపు నియమములప్రకారము ఈత పందెములు జరిగెను. ఈతకొలను లేదు, ఓడలు నిలుచు రెండు కట్టడముల నడుమనున్న ఉప్పునీరే కొలను. ఇరువదియొక్కటవయేట మొదటిసారి పెద్దపందెమున దిగిన డ్యూక్ 100 గజములను 55.4 సెకండ్లలో ఈదెను. బహిరంగ జలములలో చార్లెస్ డేనియల్స్ అను ప్రఖ్యాతుని పేర నున్న రికార్డుకంటె అది 4.6 సెకండ్లు తక్కువ. ఈతలో సెకండులో పదవవంతునకై సంవత్సరములు శ్రమింతురు. ఇతడు నాలుగున్నర సెకండ్లు ఒక్కనాడే తగ్గించెను. 220 గజములలోను డేనియల్సును మించెను.

అమెరికాలోని సంఘాధికారులు ఈ వార్తను నమ్మలేదు. కాలమును కొలుచుటకు అలారము గడియారములు వాడితిరా యని హేళన చేసిరి. పిదప, రేవులోని ప్రవాహము ఈతగానికి తోడ్పడియుండునని చెప్పి, రికార్డును అంగీకరింపలేదు. అధికారులు అనుమానించుట తప్పుకాదు. పరీక్షింపకయే త్రోసివేయుట తప్పు. ఎన్నడును పేరు విననివాడు, చిన్న దీవులవాడు, నల్లనివాడు ఇంత వేగముగా ఈదునా యన్న తలంపు వారి సందేహమునకు కొంత బలమిచ్చి యుండునని నాకు తోచుచున్నది. డ్యూక్ వాదమునకు దిగలేదు. మిత్రులు, ఊరివారు చందాలు పోగుచేసి అతనిని అమెరికా ఖండమునకు పంపిరి. అచ్చట చలినీటి తొట్లలో, గోడను తాకి వెనుదిరుగు పద్ధతి క్రొత్తగా నేర్చుకొని, 1912 వ సంవత్సరపు ఒలింపిక్ జట్టులో స్థానము సంపాదించెను.

ఆ యేటి క్రీడలు స్వీడన్ దేశపు రాజధానియగు స్టాక్‌హోములో జరిగెను. 100 మీటర్ల ఈతలో మొదటి సుత్తులన్నియు సుఖముగా ముగిసెను. కాని జూలై 7 వ తేదీన సెమీఫైనలు జరుగునప్పటికి అమెరికా ఈతగాండ్రు ఒక్కరును రాలేదు. తాము నేరుగా ఫైనలుకు చేరితిమని తప్పుగా అర్థము చేసికొనిరి. నియమము ప్రకారము రానివారికి పందెము లేదు. అట్లే యుండినయెడల ఆస్ట్రేలియావాడగు సెసిల్ హీలీకి బంగారు పతకము లభించుటకు గొప్ప యవకాశముండెను. అట్టి హీలీయే ముందునకు వచ్చి, పొరపాటున రాలేకపోయినవారిని విడిచి గెలుచుట గెలుపుగాదని పట్టుబట్టెను. అమెరికా వారికై వేరొక సుత్తు పెట్టిరి. అందులో డ్యూక్ 62.4 సెకండ్లలో ఈది ప్రపంచ రికార్డునకు సమానమైన కాలము సాధించెను. జూలై 10 వ తేదీన ఫైనలులో 63.4 సెకండ్లతో డ్యూకునకు బంగారు పతకము, హీలీకి వెండి పతకము వచ్చెను. నలుగురు కలిసి ఈదు 800 మీటర్ల పందెములో హీలీ జట్టు గెలిచి, డ్యూక్ జట్టు రెండవదాయెను.

హీలీని గూర్చి ఇంకొక్కమాట చెప్పక ముందునకు పోజాలను. మొదటి ప్రపంచ యుద్ధమున అతడు సైన్యములో చేరి, 1918 ఆగష్టు 29 న ఫ్రాన్సు దేశములో తుపాకి గుండ్లకు కూలెను. అప్పటికి అతని వయస్సు 36 సంవత్సరములు. హోనలూలు గడియారములను పెద్దలు నమ్మని యేడాది గడువకమునుపే, ఓడిపోవుటకు సిద్ధపడి డ్యూకునకు త్రోవ విడిచినవాడు ఇతడు. డ్యూక్ జీవితమును చదువునపుడెల్ల నాకు ఈ రెండు సంగతులు ప్రక్కప్రక్కనే కనబడుచుండును.

అదే ఒలింపిక్ ఓడలో డ్యూకునకు స్నేహితుడైనవాడు జిమ్ థార్ప్ అను అమెరికా ఆదిమజాతి యువకుడు. స్టాక్‌హోములో అతడు రెండు బంగారు పతకములు గెలిచెను. మునుపొకప్పుడు బంతియాట ఆడి స్వల్పముగా డబ్బు పుచ్చుకొనినాడని మరుసటి యేడు ఆ పతకములను లాగుకొనిరి. వాని ప్రతిరూపములు అతడు చనిపోయిన చాలకాలమునకు, 1983 లో, కుటుంబమునకు చేరెను. ఆటకు కూలి తీసికొన్నవాడు పందెములకు తగడని ఆనాటి కట్టడి. ధనికుల బిడ్డలకు ఈ కట్టడి భారముకాదు. డ్యూకువంటివానికి ఇది మెడకు గుదిబండ. లోకమంతయు అతని ఈత చూడవచ్చును, అతడు మాత్రము దానివలన ఒక్క డాలరు సంపాదింపరాదు.

1914 చివర ఆస్ట్రేలియావారి యాహ్వానముపై డ్యూక్ సిడ్నీ చేరెను. 1915 జనవరిలో అచ్చటి డొమెయిన్ ఈతకొలనులో 100 గజములను 53.8 సెకండ్లలో ఈది, హోనలూలు గడియారములు అబద్ధమాడలేదని చూపెను. ఆస్ట్రేలియా జనులు అతని పలకస్వారిని చూడగోరిరి. చేత పలక లేదు. అచ్చట దొరకిన దేవదారు కొయ్యనే తీసికొని ఒక పలక చెక్కి, ఫ్రెష్‌వాటర్ తీరమున అలలపై నిలిచి వేలకొలది జనులకు చూపించెను. ఆ పలక నేటికిని ఆ తీరపు రక్షక సంఘమువారి యొద్ద భద్రముగా నున్నది.

1916 లో బెర్లినులో జరుగవలసిన క్రీడలు యుద్ధమువలన ఆగిపోయెను. ఈతగాని యుత్తమ వయస్సు అట్లే గడచెను. 1920 లో బెల్జియములోని ఆంట్‌వర్ప్ పట్టణమున మరల క్రీడలు జరుగగా, చల్లని నల్లనీటిలో డ్యూక్ 100 మీటర్లను 60.4 సెకండ్లలో ఈది క్రొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అది ఆగష్టు 24, సరిగా అతని ముప్పదవ జన్మదినము. కాని ఆస్ట్రేలియా ఈతగాడొకడు తన త్రోవకు మరియొక అమెరికావాడు అడ్డువచ్చెనని ఫిర్యాదు చేయగా, పందెమును మరల జరిపిరి. డ్యూక్ రెండవమారును గెలిచెను. రెండవ స్థానమున పువా కెయలోహా, మూడవ స్థానమున విలియం హారిస్ వచ్చిరి, ముగ్గురును హవాయివారే. తొమ్మిదేండ్ల క్రిందట ఎవరి రేవులోని నీటిని అనుమానించిరో, ఆ రేవునుండి వచ్చినవారే మూడు పతకములును తీసికొనిపోయిరి. నలుగురి పందెములోను డ్యూకునకు బంగారు పతకమే లభించెను.

1924 లో పారిస్ నగరమున అతని వయస్సు 34 కు చేరువ. ప్రక్కన ఈదువాడు ఇరువది యేండ్ల జానీ వైస్‌ముల్లర్. వైస్‌ముల్లర్ 59 సెకండ్లలో ముగించెను, డ్యూక్ 61.4 సెకండ్లతో రెండవవాడాయెను. డ్యూక్ తమ్ముడు సామ్ మూడవవాడు. ఒక్కయింటి అన్నదమ్ములు ఇద్దరు ఒక్క పందెములో పతకములు పొందుట అరుదు. 1932 లో లాస్ ఏంజెల్సు క్రీడలకు అతడు వాటర్ పోలో జట్టులో అదనపు ఆటగాడుగా చేరెను. ఈ యాటలో ప్రక్కకు ఏడుగురు చొప్పున, కాలు నేల మోపక, నీటిలో తేలుచునే బంతిని గోలులోనికి విసరుదురు. ఆ జట్టు కంచు పతకము గెలిచినను డ్యూకునకు నీటిలో దిగు వంతు రాలేదు. ఇరువదియేండ్ల పిదప కూడ జట్టు బల్లపై తన వంతునకై కూర్చుండుటకు అతడు నామోషీ పడలేదు.

ఈ నడుమ జరిగిన ఒక సంగతికి పతకము లేదు, గడియారమును లేదు. పారిస్ క్రీడల పిదప డ్యూక్ కాలిఫోర్నియాలో కాపురముండెను. 1925 జూన్ 14 వ తేదీ ఉదయమున అతడును అతని మిత్రులును న్యూపోర్ట్ రేవు ముఖమునకు ఎదురుగానున్న కొరోనా డెల్ మార్ తీరమున నుండిరి. సముద్రము భీకరముగా నుండెను. అప్పుడు చేపలవేటకు బయలుదేరిన థెల్మా అను పడవ, 29 మంది జనులతో, రేవు ద్వారమున అలలకు చిక్కెను. ఇంజనునకు నీరెక్కెను. కొండవంటి అల యొకటి వచ్చి పడవను బోర్ల త్రోసెను. ఈత రానివారు, బరువు దుస్తులవారు నురుగులో మునిగి తేలుచుండిరి. డ్యూక్ పలకను చంకబెట్టుకొని పరుగున నీటిలో దిగెను. అంతటి అలలలో ఒట్టి చేతులతో ఈదిపోయినవాడు ఒక్కరిని తెచ్చుటయే గగనము. ఆ యొక్కడును రక్షకుని మెడ కౌగిలించుకొని ముంచును. పలకకు ఆ భయము లేదు. మునుగువారిని పట్టి పలకపైకి ఎక్కించి, ఒడ్డునకు త్రోసి, మరల అలలను చీల్చుకొని పోయెను. అట్లు మరల మరల పోయి ఎనిమిదిమందిని బ్రతికించెను. అతని సహచరులు మరి నలుగురిని తెచ్చిరి. పదునేడుగురు మరణించిరి.

ఒడ్డు చేరిన పిదప డ్యూక్ ఎక్కువ మాటలాడలేదు. ఆ పని యొక రాక్షసబలము గలవాడే చేయగలడని ఊరి పోలీసు అధికారి కొనియాడెను. కాని దీని ఫలము పొగడ్తతో ఆగలేదు. వినోదమునకు పుట్టిన పలక ప్రాణరక్షణకు ఎంత యనువైనదో ఆనాడు తీరపు రక్షకులు కన్నులార చూచిరి. తరువాతి కాలమున కాలిఫోర్నియా తీరముల రక్షకులు అట్టి పలకలను తమ సామగ్రిలో చేర్చుకొనిరి. ఆ యెనిమిదిమంది గాక, దీనివలన బ్రతికినవారి లెక్క ఎవరు వ్రాయగలరు?

కాలిఫోర్నియాలో అతని బ్రతుకుతెరువు సినిమాలలోని చిన్నవేషములు. ఆదిమజాతుల నాయకుడుగను, అరబ్బుగను, నావికుడుగను క్షణకాలము కనబడెడివాడు. ఈత రాణించు పాత్ర వేసిన, ఆటకు డబ్బు తీసికొన్నాడని పందెములనుండి వెలివేయుదురని భయము. అతనిని పారిస్‌లో ఓడించిన వైస్‌ముల్లర్ పందెములు మానుకొని టార్జాను వేషముతో ధనవంతుడాయెను. డ్యూకునకు అట్టి అదృష్టము పట్టలేదు. కొన్ని భోజనశాలలలో శరీరవర్ణమును చూచి అతనికి అన్నము పెట్టుటకే నిరాకరించినవారు కలరు.

స్వస్థలమునకు తిరిగివచ్చిన పిదప, ఒలింపిక్ విజేతయగు ఇతడు పెట్రోలు బంకు నడుపుచు వచ్చినవారి కార్లకు పెట్రోలు పోసెను. దానిని నేను చిన్నతనమనుకొనను. అయితే ఇతని కీర్తితో హోనలూలునకు యాత్రికులను రప్పించుకొని లాభపడినవారు ఎందరో యుండగా, ఇతనికి తగిన జీవనము చూపినవారు కరవైరి. చదువు పూర్తిగా లేకపోవుట ఇచ్చట అతనిని అడ్డగించెను. తుదకు 1934 లో హోనలూలు పౌరులు అతనిని షెరీఫుగా ఎన్నుకొనిరి. వరుసగా 13 పర్యాయములు అతనినే ఎన్నుకొనిరి. ఒకప్పుడు ఒక పక్షమున, మరియొకప్పుడు ఎదుటి పక్షమున నిలిచినను జనులు పట్టించుకొనలేదు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరుపై బాంబులు పడినపుడును ఆ యుద్యోగము అతనిదే. 1959 లో హవాయి అమెరికా రాష్ట్రములలో నొకటి యాయెను. పిదప షెరీఫు పదవినే రద్దుచేసిరి. అటుపై దీవులకు వచ్చు ప్రముఖులకు పూలదండలు వేసి స్వాగతమిచ్చు గౌరవపు కొలువు అతనికి అప్పగించిరి. 1966 లో వచ్చిన ఇంగ్లండు రాజమాతచేత సయితము అతడు హులా నృత్యము చేయించెను. 1940 లో వివాహమాడిన నృత్యోపాధ్యాయిని నాడీన్ అలెగ్జాండర్ చివరివరకు అతనికి తోడై యుండెను. వారికి సంతానము లేదు.

1968 జనవరి 22 వ తేదీన, తన 77 వ యేట, డ్యూక్ గుండెజబ్బుతో హోనలూలులో మరణించెను. అతని భస్మమును హవాయి పడవలలో కొనిపోయి, వైకీకీ యెదుట, తండ్రి తనను మొదట విసరివైచిన ఆ సముద్రమునందే కలిపిరి.

పలకస్వారిని ఒలింపిక్ క్రీడలలో చేర్చవలెనని డ్యూక్ యౌవనమునుండి కోరుచుండెను. ఆ కోరిక అతడు పోయిన యేబదిమూడేండ్లకు, 2021 లో జరిగిన టోక్యో క్రీడలలో నెరవేరెను. స్త్రీల పందెములో మొదటి బంగారు పతకము గెలిచినది హోనలూలులో పుట్టిన హవాయి వంశపు యువతి, కారిస్సా మూర్.

వైకీకీ తీరమున 1990 లో, అతడు పుట్టిన నూరేండ్లకు, ఒక నిలువెత్తు కంచు విగ్రహము ప్రతిష్ఠించిరి. వెనుక పలక, రెండు చేతులు చాచి, ముఖము వీధివైపు, వీపు సముద్రమువైపు. సముద్రమునకు వీపు త్రిప్పి నిలుచుట డ్యూక్ ఎన్నడును చేయని పని యని దీవులవారిలో పలువురు ఆక్షేపించిరి. సముద్రమునకు మోము పెట్టిన, వచ్చువారికి స్వాగతమెట్లు చెప్పునని ఇతరులు బదులిచ్చిరి. ఆ తగవు ఇంకను పూర్తిగా తీరలేదుగాని, చాచిన ఆ చేతులపై పూలదండలు వేయువారు మాత్రము నిత్యము వచ్చుచునే యున్నారు.